పన్నెండు గంటల పగులు

నీళ్ళలో పడవ ఉండొచ్చు గానీ, పడవలో నీళ్ళు ఉండకూడదంటారు. ఆమె మాత్రం ఏటా ఒక రోజు ఈ మాటను తలకిందులు చేస్తుంది. సరస్సు ఒడ్డున, ఇంటి వెనక రేకుల షెడ్డులో, మొగుడి పాత అల్యూమినియం పడవను రెండు చెక్క బల్లల మీదికి ఎక్కించి, లోపల జానెడు ఎత్తున నీళ్ళు పోసి, తాను పడవ కింద కూర్చుంటుంది. పగులున్న చోటల్లా అడుగున ఒక బొట్టు పుడుతుంది. దాని చుట్టూ సుద్దముక్కతో సున్నా చుడుతుంది.

పైకప్పులో ఉన్న అద్దం పలక గుండా ఎండ పడి, నీళ్ళు కదిలినప్పుడల్లా షెడ్డు గోడల మీద వెలుగు పారుతుంది. సుత్తులు, తీగ బ్రష్షులు, రివెట్ల డబ్బాలు అన్నీ ఆ వెలుగులో మెల్లగా ఊగుతున్నట్టుంటాయి. అక్కడ కూర్చుంటే సరస్సు అడుగున కూర్చున్నట్టే. గంటలో అయిపోయే పనికి ఆమెకు పూట పడుతుంది.

ఒడ్డునున్న పడవలన్నీ బాగుచేయడానికి ఆమె చేతికే వస్తాయి కాబట్టి అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. చేపలు పట్టే ఆమె భర్తను పరధ్యానం గారంటారు. ఎదురుగానే అంటారు, ఆయన వినిపించుకుంటే కదా!

పెళ్ళయిన కొత్తలో ఆయన వల వేసి, నీళ్ళకేసి చూస్తూ కూర్చునేవాడు. మబ్బు నీడ ఎటు పోతే పడవ అటు పోయేది. ఒకసారి పొద్దున వెళ్ళినవాడు మర్నాడు పొద్దున తిరిగొచ్చి, "అవతలి ఒడ్డున మంచు ఎంత బాగుందనుకున్నావ్!" అన్నాడు. అప్పుడామెకు ఏడో నెల. ఒడ్డున నిలబడి నిలబడి కాళ్ళు వాచాయి. అయినా పల్లెత్తు మాట అనలేదు. ఇంటికి రమ్మని నోరు తెరిచి అడగడం ఆమె వల్ల కాని పని. పుట్టింట్లోనూ ఎవర్నీ ఏదీ అడిగి ఎరగదు.

ఆ ఏడు పడవ బాగుచేస్తూ, వెనక బల్ల కింద వెంట్రుకంత పగులును చూసీ చూడనట్టు వదిలేసింది. లెక్క వేసే వదిలింది. తెల్లారి బయల్దేరితే పన్నెండయ్యేసరికి నీళ్ళు చీలమండ దాకా వస్తాయి. మనిషిని ముంచవు, కానీ ఎంత పరధ్యానంలో ఉన్నవాడినైనా కాలు తడిపి లేపుతాయి. డాక్టరే రోగం అంటించిందని మీరనుకోవచ్చు. అనుకోండి. మందు మటుకు పనిచేసింది. ఆనాటి నుంచి ఆయన పన్నెండు కొట్టేసరికి ఒడ్డున ఉండేవాడు. ఆమె వెళ్ళి పడవలోకి తొంగిచూసేది. అడుగున నీళ్ళు కనిపించేవి. మనసు కుదుటపడేది. ఇలా పద్నాలుగేళ్ళు గడిచాయి.

ఈ ఏడు పడవ అడుగున చూస్తే ఆ పగులు వేలెడు పొడుగు సాగింది. ఇంకొక్క గట్టి గాలికి రేకు నిలువునా చీలుతుంది. మూస్తే మనిషి ఇంటికి రాడేమో, మూయకపోతే అసలుకే రాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఆయన పరధ్యానం వయసుతో పాటు ముదిరింది. మొన్న చెప్పులు చేత్తో పట్టుకుని చెప్పుల కోసం ఇల్లంతా వెతికాడు. వారం రోజులు తర్జనభర్జన పడి, మూయడానికే నిశ్చయించుకుంది. భయం మాత్రం గుండెల్లో అలాగే ఉంది.

నీళ్ళు పోసింది. తొమ్మిది చోట్ల బొట్లు పుట్టాయి. ఏటా అన్నిటికన్నా ముందు కారే తన పగులు దగ్గర మాత్రం ఏమీ లేదు. వేలితో తడిమితే పొడిగా తగిలింది.

నీళ్ళు తోడేసి, పడవలోకి ఎక్కి, వెనక బల్ల కింద తల దూర్చింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అక్కడికి తొంగిచూడలేదు. చూస్తే చేతులు ఊరుకోవని. పగులు నిండా నీలం రంగు మైనం ఉంది. గోటితో గీకింది. అంచుల్లో పాత రంగులు బయటపడ్డాయి: ఆకుపచ్చ, గులాబీ, పసుపు. కూతురి క్రేయాన్లు! నా రంగులు ఎవరో తింటున్నారని చిన్నప్పుడు పాప ఒకటే ఏడుపు. ఎలుకల పని అని బోను కూడా పెట్టారు.

తడి పడవలో అలాగే వెల్లకిలా పడుకుండిపోయింది. పగులు మూసి ఉంటే, నీళ్ళు రాకపోతే, ఇన్నేళ్ళూ ఆయన్ని లేపిందెవరు?

"ఏంటోయ్, పడవలో నిద్రా?" అంటూ ఆయన టీ గ్లాసులతో వచ్చాడు.

ఆమె నీలం అంటిన గోరు చూపించింది. "ఇదేంటండీ?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, గీకడం మర్చిపోయాను! ఏటా నువ్వు నీళ్ళు పోసే ముందు రోజు గీకేస్తాను కదా. ఈసారి ఎలా మర్చిపోయానో."

"ఎన్నాళ్ళ నుంచి ఈ వేషాలు?"

"మొదటి ఏడు నుంచీ. పాపకు రంగులు కొనేదాకా కొవ్వొత్తి మైనంతో. కాళ్ళు తడిస్తే నాకు జలుబు చేస్తుంది."

"మరి రోజూ పడవలో ఉండే నీళ్ళు?"

"ఒడ్డుకొచ్చే ముందు నాలుగు దోసిళ్ళు నేనే పోసేవాణ్ణి. నువ్వొచ్చి చూస్తావుగా. పాపం, అంత కష్టపడి పగులు వదిలిపెట్టినదానివి."

ఆమెకు నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏది ముందో తెలియలేదు. "మరి పన్నెండుకల్లా ఎందుకొచ్చేవారు?"

ఆయన గ్లాసులు బల్ల మీద పెట్టాడు. "నీ చెయ్యి పడ్డ చోట చెమ్మ కూడా ఊరదు. అలాంటిదానివి ఒక పగులు వదిలావంటే పొరపాటని ఎలా అనుకుంటాను? రమ్మంటున్నావని అర్థమైంది. వచ్చాను."

"అంత తెలిసీ ఒక్క మాట అనలేదే!"

"నువ్వూ అడగలేదుగా."

టీ చల్లారిపోయింది. ఆమె పగులు కొసన చిన్న బెజ్జం వేసింది, ఇక ముందుకు పాకకుండా. మైనం ఆనవాలు లేకుండా తీగ బ్రష్షుతో రుద్దింది. అతుకు వేసేటప్పుడు ఇనుమైతే ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం ఏమీ చెప్పదు, వేడెక్కి వేడెక్కి ఉన్నట్టుండి కరిగిపోతుంది. అందుకని ఊపిరి బిగబట్టి, ముసుగు వేసుకుని, మంటను జరుపుతూ పోయింది. ముసుగులో ఏడ్చినా ఎవరికీ కనపడదు. ఏడ్చింది కూడా. మిగతా తొమ్మిదీ మూసి, మళ్ళీ నీళ్ళు పోసింది. ఒక్క బొట్టు పుట్టలేదు.

మర్నాడు తెల్లారి ఆయన పడవను నీళ్ళలోకి తోశాడు. ఆమె ఒడ్డున నిలబడింది. ఇప్పుడా పడవలో ఆయన్ని వెనక్కి లాగే తాడేదీ లేదు. పడవ పది బారలు పోయింది. ఆమె చీర చెంగు నలుపుతూ నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"పన్నెండుకల్లా వచ్చేయండి!" అని అరిచింది. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

ఆయన తెడ్డు ఆపి చాలాసేపు వెనక్కి చూశాడు.

ఆ రోజు తొమ్మిదిన్నరకే తిరిగొచ్చాడు. వల కూడా తడవలేదు.