కారు కింది నీళ్లు

సుభద్రమ్మ కూతురు సుమనకు గద్వాల ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఆపరేషన్ చేసి తీశారు. తల్లీబిడ్డలను ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరమ్మ చెప్పేసరికి రోహిణి కార్తె చివరికొచ్చింది. రెండువేల నాలుగో సంవత్సరం. పొద్దున ఎండ కాస్తుంది, తర్వాత మబ్బు కమ్ముతుంది, చుక్క రాలదు. చెట్టు మీద ఆకు కదలక మనుషులు ఉక్కతో అల్లాడుతున్నారు.

కుట్లతో ఉన్న మనిషికి బస్సు వద్దని కొడుకు రాఘవేందర్ తమ ఊరు అయిజ నుంచి కారు మాట్లాడుకొచ్చాడు. ఏసీ కారు. ఆ మాట వినగానే సుభద్రమ్మ గుండెలో రాయి పడింది. తను బాలింతగా ఉన్నప్పుడు అత్త చెవులకు గుడ్డ కట్టి, మంచం కింద కుంపటి పెట్టింది. చల్లగాలి సోకితే తల్లికీ బిడ్డకీ ముప్పని అప్పటి నుంచీ ఆమె నమ్మకం.

"పచ్చి బాలింతరా. పసిగుడ్డు. ఆ ఏసీ గీసీ ఎయ్యొద్దు," అంది.

"ఈ ఉక్కల ఉడికిపోతరే అమ్మా."

"ఉడికినా మంచిదే."

డ్రైవర్ ఇస్రాయేలు అయిజ పక్క పల్లెవాడు. పూణెకు కూలికి పోయి, అక్కడే ఒక సేఠ్ దగ్గర కారు నడపడం నేర్చుకుని వచ్చాడు. తల్లీకొడుకుల మాటల్లో అతను తలదూర్చలేదు. కానీ సుభద్రమ్మ బిడ్డను ఎత్తుకుని కారెక్కబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగు పెద్దమ్మా. పొద్దటి సంది ఎండల నిలవడ్డ బండి. లోపలి వేడి బయటికి పోనియ్యాలె."

నాలుగు తలుపులూ బార్లా తెరిచాడు. లోపలి నుంచి పొయ్యి సెగ లాంటి గాలి వచ్చి ముఖాన కొట్టింది. సీటు మీద చెయ్యి ఆనించి చూసిన సుభద్రమ్మ చటుక్కున తీసేసింది. ఇందులోనా పిల్లను పడుకోబెట్టబోయింది! సీటు చల్లారాక గానీ అతను ఎవరినీ ఎక్కనివ్వలేదు.

"ఊరు దాటేదాక అద్దాలు దించే పోదాం. మిగిలిన వేడి గూడ కొట్టుకపోతది. అటెన్క నువ్వు ఎయ్యమంటేనే ఏసీ ఏస్త," అన్నాడు. తన మాటకు విలువిచ్చినందుకు ఆమె మనసు కొంచెం మెత్తబడింది.

ఊరు దాటగానే కిటికీల్లోంచి వేడిగాలి, లారీల దుమ్ము. బిడ్డ గుక్కపట్టి ఏడ్వడం మొదలుపెట్టింది. మెడ మడతల్లో చెమట నిలిచి ఒళ్లంతా ఎర్రబడింది. గుంత వచ్చినప్పుడల్లా సుమన పొట్ట పట్టుకుని పళ్లు బిగించేది. కొంగుతో విసిరీ విసిరీ సుభద్రమ్మ చేతులు పడిపోయాయి.

"ఇస్రాయేలూ," అంది చివరికి. "ఎయ్యి నాయనా. మెల్లగ ఎయ్యి."

అద్దాలెక్కాయి. ముందు సీట్లో ఉన్న రాఘవేందర్ సంబరంగా మీట మొత్తం తిప్పేశాడు. ఇస్రాయేలు దాన్ని తగ్గించి మొదటి గీత మీద పెట్టాడు.

"ఒక్కపారి గంత వద్దు రాఘన్నా. బిడ్డ ఉన్నది." గాలి వచ్చే రెక్కలను వేలితో పైకి తిప్పాడు. "గాలి పైకి పోయి నిమ్మళంగ దిగుతది. ఎవ్వరి మీద పడదు." ఇంకో మీట జరిపాడు. "గిప్పుడు బయటి గాలి రాదు. లోపలి గాలే తిరిగి తిరిగి చల్లవడతది. నడుమ నడుమ తెరిచి కొత్తగాలి రానిస్త."

మొదట రోడ్డు రొద తగ్గింది. తర్వాత మెడ వెనక ఏదో తాకీ తాకనట్టు తాకింది. పుష్యమాసంలో తెల్లవారకముందే చేనికి పోతే ఒంటికి తగిలే చల్లదనం అది. రోహిణి కార్తెలో, నడి మధ్యాహ్నం! బిడ్డ ఏడుపు సన్నబడి ఆగిపోయింది. బిగించిన పిడికిలి విచ్చుకుంది. సుభద్రమ్మ భయపడి అరికాళ్లు పట్టి చూసింది. వెచ్చగానే ఉన్నాయి. సుమన తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది.

అద్దం అవతల పగుళ్లిచ్చిన నల్లరేగడి, నాలుకలు వేలాడేసిన మేకల మంద. వేలెడు మందం లేని అద్దానికి ఇవతల ఇంకో కాలం నడుస్తోంది.

సగం దూరం పోయాక కల్వర్టు మీద టైరు పగిలిన లారీ అడ్డం నిలబడి ఉంది. ఇస్రాయేలు కారును వేపచెట్టు నీడలోకి తిప్పి ఇంజను ఆపేశాడు.

"ఎందుకు బంద్ జేస్తివి?" అన్నది సుభద్రమ్మే. సుమన కళ్లు తెరవకుండానే నవ్వింది.

"నిలవడ్డ బండ్ల అద్దాలు మూసుకొని, ఇంజను నడిపిచ్చుకుంట శానసేపు కూసోవద్దు పెద్దమ్మా. పొగ లోపలికి జొరబడ్డా తెల్వదు. నిద్ర వట్టినట్టే ఉంటది, ఇగ లేవరు."

అద్దాలు దించాడు. నడుం సాగదీద్దామని కిందికి దిగిన సుభద్రమ్మ కంటికి కారు కింద తడి కనబడింది. చుక్క వెనక చుక్క రాలుతోంది.

"అయ్యో, బండి కారుతుంది! నూనెనా ఏంది?"

ఇస్రాయేలు వంగి చూశాడు. "నీళ్లే పెద్దమ్మా. గాలిలకెళ్లి వచ్చినయి."

"పరాచికాలా?"

"కాదు. చల్లటి నీళ్ల చెంబుకు బయట చెమట పడతది గద? లోపల గట్లనే చల్లటి గొట్టాలుంటయి. గాలి తాకంగనే దాండ్ల తడి నీళ్లయి కారుతది. ఇయ్యాల ఉక్క శాన ఉన్నది, అందుకే గిన్ని."

సుభద్రమ్మ కూర్చుని చెయ్యి చాచింది. అరచేతిలో చుక్క పడింది. చల్లగా, కల్మషం లేని నీళ్లు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో వాళ్ల చెలకలో బోరు వేయించారు. ఎంత లోతుకు పోయినా తెల్లటి పొడే ఎగజిమ్మింది. ఇంటిల్లిపాదీ ఆ పొడి కొట్టుకుపోయిన ముఖాలతో నిలబడి చూశారు.

"ఇవి ఈడి గాలిలయేనా?"

"ఈడియే. ఈ చేన్ల మీదివే."

ఆమె తలెత్తింది. ఈ చివర నుంచి ఆ చివరికి, కంటికి ఆననంత గాలి. అందులో నీళ్లు! ఇన్నాళ్లూ తాము పీల్చి వదిలిన గాలిలో, బోరు బండి పక్కన నిలబడి ఏడ్చిన నాడు తమ చుట్టూ ఉన్న గాలిలో! చీమలు అప్పుడే ఆ తడి దగ్గరికి బారు కట్టాయి. చుక్కలు రాలుతున్నంత సేపూ ఆమె లేవలేదు. తర్వాత తడి వేలు తీసుకెళ్లి మనవరాలి అరికాలికి తాకించింది. బిడ్డ కాలు ముడుచుకుంది.

"ఏం జేస్తున్నవే అమ్మా?" అంది సుమన.

"ఏం లేదు బిడ్డా. చూడనీ దాన్ని గూడ."

లారీని పక్కకు లాగాక మళ్లీ బయల్దేరారు. అయిజ దగ్గరపడుతుండగా ఇస్రాయేలు చల్లదనం ఆపి గాలి మాత్రం ఉంచాడు. గొట్టాలు ఆరితే ముక్కిన వాసన రాదట. అద్దాలు కొంచెం కొంచెంగా దించుతూ, "చల్లటికెళ్లి ఒక్కపారే ఎండలకు దిగితే తల తిరుగుతది. పానం అలవాటు పడాలె," అన్నాడు.

ఇంటి ముందు పక్కింటి లక్ష్మీదేవమ్మ ఎదురొచ్చింది. "పసిగుడ్డును ఏసీల తెచ్చిన్రంట! ఏమన్న అయిందా?"

"నిద్రవోయింది," అంది సుభద్రమ్మ.

దిష్టి తీసి తల్లీబిడ్డలను లోపల పడుకోబెట్టాక ఆమె ఇస్రాయేలును పోనివ్వలేదు. వసారాలో పీట వేసి జొన్నరొట్టె, పప్పు పెట్టింది. చలికాలంలో ఏసీని ఏం చేస్తావని అడిగింది, పాడి బర్రె బాగోగులు అడిగినట్టు.

"చలికాలంల గూడ వారానికోపారి జరసేపు నడిపియ్యాలె పెద్దమ్మా. ఉత్తగ ఉంచితే లోపలి రబ్బర్లు ఎండి గ్యాసు పోతది."

"అప్పుడు గూడ నీళ్లొస్తయా?"

"తక్కువొస్తయి. గాలి పొడిగ ఉంటది గద."

సుభద్రమ్మ అతని పళ్లెంలో ఇంకో రొట్టె వేసి ఎదురుగా కూర్చుంది.

"తిను నాయనా. వాన వడ్డనాడు ఎన్నొస్తయో గది చెప్పు."