రోసెండా వాన

శనివారం పొద్దున ఆరింటికి వాడ పంచాయతీ ఆఫీసు, బరంగాయ్ హాలు ముందు జుంబా డాన్సు. మత్తుమందు కేసుల్లో జైలుకి పోకుండా ఆఫీసరు నిఘాలో బయటున్న ఆడవాళ్ళంతా వచ్చి చేతులూపి తీరాలి. చికిత్సలో అదీ భాగమే. అందరిలోకీ రోసెండాకే అడుగులు తప్పేవి. పాపం, నెత్తిన వాన పడుతుంటే కాళ్ళు జారవూ?

షాబు అనే ఆ మత్తుమందు మీదికి మనసు లాగినప్పుడల్లా ఆమె మీద వాన కురిసేది. చాప పరిచినంత మేర, అంతే. ఎంత గాలి వీచినా నిటారుగా పడేది.

ఎండాకాలం వాళ్ళ వాడ ఉన్న గుట్ట మీది కొళాయికి మూడు రోజులకోసారి నీళ్ళు. అందుకని రోసెండా దగ్గర చినుకు చప్పుడు వినిపిస్తే చాలు, వాడంతా బకెట్లతో పరుగు.

"ఇవాళ గట్టిగానే లాగుతోందే పిల్లా! డ్రమ్ము కూడా తెచ్చుకోనా?" అనేది ఎదురింటి పెట్రా పిన్ని.

"ముందు నీ నోటికో మూత తెచ్చుకో పిన్నీ," అనేది రోసెండా, తడిసి ముద్దవుతూ.

బకెట్లు నిండేదాకా కబుర్లు, ఎకసెక్కాలు. ఆలోపు మనసు కుదుటపడేది, వాన ఆగేది.

మత్తు వాడిందో లేదో తేల్చే మూత్ర పరీక్ష ఆమె రెండుసార్లు తప్పింది. రెండూ వానాకాలంలోనే. అప్పుడు ఎవరి డ్రమ్ములు వాళ్ళకి నిండుగా ఉంటాయి, ఎవరూ రారు.

"మూడోసారి తప్పావో, నా చేతిలో ఏం లేదమ్మా. జైలే," అంది కరిదాద్ మేడమ్, ఆఫీసరు.

ఆగస్టులో, ఆఖరి పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం, హోరుగాలి, వాన. రోసెండా చెప్పులేసుకుని గుట్ట దిగింది. కింద సందులో షాబు అమ్మే టోటోగాడి తలుపు ఓరగా తెరిచే ఉంది. తలుపు మీద చెయ్యి వేసింది.

"ఆగవే! నీళ్ళకొచ్చాను."

రొప్పుతూ పెట్రా పిన్ని. ఊరి వాన ఏటవాలుగా కొడుతుంటే, నిటారు వానొకటి గుట్ట దిగడం కిటికీలోంచి చూసిందట.

"ఇంత వానలో నీళ్ళేంటి పిన్నీ? నీ డ్రమ్ము పొర్లుతోందిగా?"

"నీ వాన నీళ్ళకి అన్నం మెత్తగా ఉడుకుతుంది. కదలకుండా నిలబడు, ఇది నిండాలి."

బకెట్ కాళ్ళ దగ్గర పెట్టింది. రోసెండా వంగి చూసింది. అడుగున అరచెయ్యంత చిల్లు.

"ఇది నిండదు పిన్నీ."

"నాకేం తొందర లేదు."

చీకటి పడేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. విసుగెత్తి టోటోగాడే తలుపేసుకున్నాడు.

మర్నాడు పరీక్షలో రోసెండా దగ్గర బయటపడింది జలుబొక్కటే.