పుస్తకానికి ఎక్కని తుపాకీ

ప్రతినెలా మొదటి తారీఖున తుపాకుల కొట్టులో లెక్క సరిచూస్తారు. కూతురు గోడ మీది తుపాకులను ఒక్కొక్కటే దించి, గుడ్డతో తుడిచి, నంబరు చదువుతుంది. తండ్రి రిజిస్టరులో వేలు పెట్టి వెతికి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" పడితేనే రెండోది దించడం. ఆయనకు లైసెన్సు వచ్చి నలభై ఒక్కేళ్ళయింది. ఇన్నేళ్ళలో తన రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత లేదని ఆయన కొనడానికి వచ్చినవాళ్ళకే కాదు, దారి అడగడానికి ఆగినవాళ్ళకు కూడా చెబుతాడు.

పుస్తకంలో తప్పుగా ఎక్కిన తుపాకీ రోజుకో ఇటుక చొప్పున బరువెక్కుతుంది. ఈ సంగతి ఆ వ్యాపారంలో అందరికీ తెలిసిందే. కొత్త సరుకు దిగినప్పుడు పెట్టె మోయడానికి నలుగురు కావాలి. ఎంట్రీలు రాయడం అయ్యాక కూతురు ఒక్కతే లోపల సర్దుకుంటుంది. తనిఖీకి వచ్చే అధికారి కూడా ముందు తుపాకులు ఎత్తి చూసి, ఆ తర్వాతే రిజిస్టరు చదవడానికి కళ్ళజోడు పెట్టుకుంటాడు.

ఆ నెల 4188 నంబరుది గోడ మీంచి కదల్లేదు. ఆమె రెండు చేతులా లాగింది. మేకు ఊడి, తుపాకీ కింద పడి, గచ్చు పగిలింది.

"నాన్నా, దీన్ని అమ్మేసినట్టు రాశావా?"

ఆయన గబగబా పేజీలు తిప్పాడు. ఇరవై మూడు రోజుల కిందట, కూతురు పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన పూట, కలప డిపో యజమానికి ఒక డబుల్ బ్యారెల్ అమ్మాడు. ఇచ్చింది 4183. రాసింది 4188. కంటి ఆపరేషను వద్దని, చుక్కల మందుతోనే నెట్టుకొస్తున్న మనిషి మరి.

"పేజీ చింపేసి తిరగరాద్దాం తల్లీ. ఎవరికి తెలుస్తుంది?"

"పేజీలకు నంబర్లున్నాయి. వేయించింది నువ్వే."

"కొట్టివేత చూస్తే ముసలాడికి చూపు ఆనడం లేదంటారు. లైసెన్సు తీసేస్తారు."

"తీసేస్తే తీసేయనీ. పుస్తకానికెక్కని తుపాకీ ఊళ్ళో ఉంటే నాకు ముద్ద దిగదు."

ఆయన పెన్ను తీశాడు. ఆమె ఆపింది. "నంబరు కళ్ళారా చూడందే దిద్దకూడదు, రిజిస్టరు కొట్టు గడప దాటకూడదు. రెండూ నువ్వు నేర్పినవే. నేను వెళ్ళి చూసి ఫోన్ చేస్తా."

డిపో వెనకే యజమాని ఇల్లు. పడగ్గదిలో అలమర అర విరిగి ఉంది. దాని కింద నేల మీద తుపాకీ పడి ఉంది. ఆమె వంగి చూసింది. 4183. యజమాని గడ్డం మాసి, మంచం అంచున కూర్చున్నాడు.

"నాలుగు రోజుల కిందట మా తమ్ముడు వాటా అడగడానికి వచ్చాడమ్మా. పనివాళ్ళ ముందు నన్ను దొంగన్నాడు. దీనికోసం లోపలికి పరిగెత్తాను. లాగితే అర విరిగిందే కానీ ఇది లేవలేదు. గంటసేపు పెనుగులాడాను. బయటికి వచ్చేసరికి వాడు వెళ్ళిపోయాడు."

"లేచి ఉంటే?"

"కాల్చేవాణ్ణి."

తండ్రి పొరపాటు ఒక మనిషిని బతికించింది. ఆ పొరపాటు దిద్దడానికే తను వచ్చింది. రాతలో తప్పు వల్లే అది బరువెక్కిందని, దిద్దితే తేలికవుతుందని ఆయనకు చెప్పింది.

"దిద్దకండమ్మా, మీకు పుణ్యముంటుంది. ఇలాగే పడి ఉండనివ్వండి."

"కుదరదు. తప్పు ఇవాళే దిద్దుతాం. కానీ ఇది తేలికయ్యే వేళకు నా చేతిలో ఉండాలి. తిరిగి అప్పజెబుతున్నట్టు రాసివ్వండి. రాసేదాకా ఇక్కణ్ణుంచి లేవను." స్టూలు లాక్కుని కూర్చుంది.

"మరి డిపోకి కాపలా?"

"కుక్కను పెంచుకోండి. మీ తమ్ముణ్ణి చూస్తే తోకైనా ఊపుతుంది."

ఆయనకు నవ్వు రాలేదు. కాగితం తీసి రాశాడు. ఆమె ప్రతి అక్షరం చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. ఒక చేత్తో తుపాకీ పట్టుకుని, రెండో చేత్తో తండ్రికి ఫోన్ చేసింది.

"చూశాను నాన్నా, ఎనభై మూడే. ఒక్క గీతే గియ్యి. పాత అంకె కనబడాలి."

"గీశాను. పైన మూడు వేశాను. నలభై ఒక్కేళ్ళమ్మా..."

"తెలుసు నాన్నా. సంతకం పెట్టు. తారీఖు వెయ్యి. తప్పు జరిగిందని లైసెన్సు ఆఫీసుకు ఉత్తరం మనమే రాద్దాం."

"పెట్టాను."

తుపాకీ ఆమె చేతిలోకి లేచింది. గొట్టాలను కిందికి వంచి, లోపలున్న రెండు తూటాలు తీసి మంచం మీద పెట్టింది. ఒంటిచేత్తో దాన్ని భుజాన వేసుకుంటుంటే యజమాని నోరు తెరుచుకుని చూశాడు.

"ఇంతేనా దీని బరువు?"

"మూడు కిలోలు."

"మూడు కిలోలేనా!" అంటూ ఆయన ఆ తూటాల పక్కనే కూలబడి భోరున ఏడ్చాడు. ఆ తర్వాత లేచి, చెప్పులైనా తొడుక్కోకుండా తమ్ముడి ఇంటివైపు నడిచాడు.