ఏడో పట్టీ

రాజధానికి నేను వెళ్లడం అది రెండోసారి. మొదటిసారి లారీలో, మడతలు పెట్టిన పెద్ద మఖ్మల్ తెర మీద కూర్చుని వెళ్లాను. ఆ తెర మేం కుట్టిందే. మా కుట్టు షెడ్డులో ఐదుగురం ఆడవాళ్లం, పైన ఒక మేస్త్రిగారు. పద్దెనిమిది పట్టీలు కలిపి రాజధానిలోని నాటకశాలకి ఎర్ర తెర కుట్టి, తీసుకెళ్లి వేలాడదీసి, ఆ పూటే వెనక్కి వచ్చేశాం.

"ఎలా ఉందే రాజధాని?" అని అమ్మ అడిగితే "పెద్దగా ఉంది" అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వంతెనలూ మేడలూ లారీ పక్కనుంచే వెళ్లాయి. మాతో పనిచేసే పొడుగక్క ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించింది కూడా. నా ధ్యాసంతా నా అరచేతి కింద ఉంది.

మఖ్మల్‌కి నూగు ఉంటుంది. పిల్లి వీపులాగే ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుకుగా తగులుతుంది. తెరలో పట్టీలన్నిటికీ నూగు ఒకేవైపు వాలాలి. ఒక్కటి తలకిందులైతే, దీపాల వెలుగులో అది మిగతావాటికంటే నల్లగా కనిపిస్తుంది. అందుకే కోసేముందు గుడ్డ నిమిరి చూసి, వెనకవైపు సుద్దతో బాణం గుర్తు వేస్తాం. ఆ తెరకి కోత పని మేస్త్రిగారు మొట్టమొదటిసారి నాకు అప్పగించారు. ఆరు పట్టీలయ్యాక గుడ్డ చుట్ట అయిపోయింది. కొత్త చుట్ట విప్పి, ఇదీ అలాగే ఉంటుందిలే అనుకుని, నిమరకుండా బాణం వేసేశాను. ఎనిమిదోదాని నుంచి మళ్లీ బుద్ధిగా నిమిరాను కానీ, అప్పటికే మిషన్ మీదకి వెళ్లిపోయిన ఏడోదాన్ని సరిచూడాలని తట్టలేదు.

లారీలో ఊరికే తెరని నిమురుతుంటే, నున్నగా జారుతున్న చెయ్యి ఒకచోట గరుకుగా ఆగింది. అంచునుంచి లెక్కపెట్టాను. ఏడు. వేదిక మీద తెర కట్టేటప్పుడు ఒక్క బల్బే వెలుగుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. నేను నోరు విప్పలేదు. పద్నాలుగు నెలలు విప్పలేదు.

ఇప్పుడు మేస్త్రిగారి కళ్లకి శుక్లాలు వచ్చాయి. అదే సమయంలో దానికి రెట్టింపు తెర ఒకటి కుట్టే పని వచ్చింది. "కోతంతా ఇక నీదే. ఔనో కాదో మంగళవారం పొద్దున్న చెప్పు" అన్నారు. ఔనంటే షెడ్డులో పెద్ద కత్తెర నా చేతికి వస్తుంది. ఆ కత్తెర నాకు కావాలి. కానీ ఆ ఏడో పట్టీని వెలుగులో ఒకసారి చూడకుండా దాన్ని ముట్టుకోలేననిపించింది. మరీ ఘోరంగా ఉంటే కాదనేద్దామనుకున్నాను. ఇంట్లో మాత్రం, పోయినసారి ఏమీ చూడలేదు, రెండ్రోజులు ఊరు చూసొస్తానని చెప్పాను. అదీ అబద్ధం కాదు.

"ఒక్కదానివే? తప్పిపోతే?" అంది అమ్మ.

"తప్పిపోతే ఇంకాస్త ఎక్కువ చూస్తాను."

"పంపించమ్మా" అన్నాడు అన్నయ్య. "ఇది ఎక్కడికెళ్లినా మూల చూసుకుని కూర్చుంటుంది. తప్పిపోవాలంటే ముందు లేవాలి కదా."

ఆదివారం పొద్దున్నే దిగాను. లాడ్జిలో సంచి పడేసి, ఎదురొచ్చిన సిటీ బస్సు ఎక్కాను.

"ఎక్కడికి?" అన్నాడు కండక్టరు.

"చివరిదాకా."

"చివర ఏముందమ్మా? బస్సులు కడిగే షెడ్డు."

"దార్లో ఏముంది?"

అతను ఒక్క క్షణం నన్ను చూశాడు. "దార్లోనా? ఊరంతా ఉంది" అని కిటికీ పక్క సీటు చూపించాడు.

నిజంగానే ఊరంతా ఉంది. నది మీద మూడు వంతెనలు, పక్కపక్కనే. ఒక వీధి నిండా తాళాలు బాగుచేసేవాళ్లు. నాలుగో అంతస్తు బాల్కనీలో ఒకాయన పళ్లు తోముకుంటూ కింద ట్రాఫిక్కుని తనే నడుపుతున్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. అందరూ మేడల ఎత్తు చూస్తారు. నేను కిటికీ తెరలు చూస్తాను, ఏం చెయ్యను. పెద్ద బ్యాంకులో తెరలు జానెడు పొట్టి. ఒక సర్కారు భవనంలో, రెండు జెండాల మధ్య కిటికీకి వేలాడే తెర అంచు ఊడిపోతే పిన్నీసు పెట్టి ఆపారు. రాజ్యం నడిపేవాళ్లది కూడా పిన్నీసు మీదే ఆగి ఉందని చూశాక నాకు ఎంతో ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం నాటకశాల మెట్ల దాకానే వచ్చింది.

"ఎక్కడ కూర్చుంటావమ్మా?" అంది టికెట్లిచ్చే ఆవిడ.

"తెర బాగా కనిపించేచోట."

"తెరా? అది లేచిపోతుంది కదమ్మా. నాటకం కనిపించేచోట ఇవ్వనా?"

"తెర ఉన్నంతసేపూ కనిపిస్తే చాలండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి మధ్య వరసలో సీటిచ్చింది. లోపలికి వెళ్లి కూర్చుని, కాసేపు చెప్పుల వంక చూసి, తర్వాత తలెత్తాను. ఉంది. ఎడమనుంచి ఏడోది. పైనుంచి కిందిదాకా ఎవరో బిందెడు నీళ్లు పోసినట్టు నల్లగా ఉంది.

పక్క సీటాయన్ని అడిగాను. "ఏమండీ, ఆ తెర మీద ఏమన్నా తేడాగా కనిపిస్తోందా?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడాయన.

"మీ కళ్లజోడు జేబులో ఉంది" అంది ఆయన భార్య. "తడిసింది పిల్లా. పైకప్పు కారుతున్నట్టుంది."

నాటకం మొదలైంది. ఒకే అమ్మాయి కోసం ఇద్దరు మామలు పోట్లాడుకునే నాటకం. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ రెండుసార్లు నవ్వాను, మూడోసారి ఏడుపొచ్చేలా ఉంటే ఆపేశాను. కాదనే చెబుదామని నిర్ణయించుకున్నాను. కానీ ఆ మచ్చ మాత్రం రోజూ ఇంతమంది ముందు అలాగే వేలాడుతుంది కదా. ఆట అయిపోగానే పక్కదారిన వేదిక వెనక్కి వెళ్లాను.

తెర లాగే పెద్దాయన తాడు చుడుతున్నాడు.

"బాబాయ్, ఈ తెర కోసింది నేనే."

"ఓహో" అన్నాడు తాడు వదలకుండా. "ఏడోది తిరగేసింది నువ్వేనన్నమాట."

"మీకు తెలుసా?"

"కట్టిన మర్నాడే చూశాను."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఆఫీసుకి చెబితే కమిటీ వేస్తారు. కమిటీ ఏడాది కూర్చుంటుంది. వాళ్లకి టీలు మోసేదెవరు? నేను." తాడుని మేకుకి తగిలించి నావైపు తిరిగాడు. "ఇంతకీ చూసి ఏడవడానికొచ్చావా, విప్పి కుట్టడానికొచ్చావా?"

ఆ రెండోది ఉందన్న సంగతే నాకు తట్టలేదు. పద్నాలుగు నెలలుగా అది కనిపిస్తుందా లేదా అని బాధపడ్డానే గాని, కుట్టిన చేత్తోనే విప్పొచ్చని ఒక్కసారీ అనుకోలేదు.

"రేపు ఆట లేదు" అన్నాడాయన. "దుమ్ము దులపడానికి తెర ఎలాగూ దించుతాను. పొద్దున ఏడింటికల్లా రా. వేషాల గదిలో మిషన్ ఉంది."

సోమవారం నది ఒడ్డుకి వెళ్దామనుకున్నాను. దానికి బదులు నాటకశాల వేదిక మీద, ఎర్రటి మఖ్మల్ మధ్య మోకాళ్ల మీద కూర్చున్నాను. పై అంచు, కింది మడత, రెండు పక్కల కుట్లు విప్పి, ఏడోదాన్ని బయటికి తీశాం. పెద్దాయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని తిప్పాం. మఖ్మల్ మిషన్ కింద జారుతుంది కాబట్టి ముందు వదులుగా చేతికుట్టు వేసుకుంటూ వచ్చాను.

మధ్యాహ్నానికి రెండు పక్కలూ అయ్యాయి. అప్పుడు మేస్త్రిగారికి ఫోన్ చేశాను.

"మేస్త్రిగారూ, నాటకశాల తెరలో ఏడో పట్టీ నేను తిరగేసి కోశాను."

"పద్నాలుగు నెలలయింది కదే! ఇన్నాళ్లూ అన్నం ఎలా దిగింది నీకు?" అని అరిచారు. "నా పేరు మీద వెళ్లిన తెర! ఇప్పుడు ఎక్కడ ఏడుస్తున్నావ్?"

"తెర మీదే ఉన్నానండి. విప్పి తిప్పేశాను. పై అంచు మిగిలింది."

ఈసారి అరవలేదు. "పై అంచుకి రెండు వరసలు వెయ్యి. బరువంతా అక్కడే పడుతుంది." ఆ వెంటనే, "రేపటి మాట ఏమిటి మరి?"

"కోస్తానండి. కానీ కొత్త చుట్ట విప్పినప్పుడల్లా నా చెయ్యి ఒక్కటే చాలదు. ఇంకొకరు కూడా నిమిరి ఔనన్నాకే బాణం వేస్తాను."

"ఎవర్నంటావ్? పొడుగుదాన్నా? దాని చేతులకి వెన్న కూడా గరుకే."

"మిమ్మల్నే అంటున్నాను. నిమరడానికి కళ్లెందుకండీ?"

ఆయన దగ్గారు. "అయితే రేపు నా కుర్చీ కోతబల్ల పక్కకి జరిపించు. ఇక్కడ ఈ మూలన కూర్చోబెట్టి, అందరూ నన్ను మరిచేపోయారు" అన్నారు.

"అమ్మాయ్, కబుర్లయిపోతే అంచు సంగతి చూడు" అన్నాడు పెద్దాయన, సూదిలో దారం ఎక్కించి నా ముందు పెడుతూ.