చిన్నదాన్ని పంపను

నేను ఇటలీ దొరసానినైపోయానని త్సాయ్‌ఫెన్ అక్క టోఫు కొట్టు దగ్గర అందట. "పాలు తాగే పిల్లని వీపుకి కట్టుకుని మిషను మీద కూర్చుంటోంది మహాతల్లి! మనం పంపలేదూ మన పిల్లల్ని? మనకి కడుపుతీపి లేకనా?" అని. ఆ మాట నాకు మోసుకొచ్చింది మా కుట్టు షెడ్డులోనే బొత్తాలు కుట్టే తోటికోడలు మేయ్‌లీ. చెబుతున్నంతసేపూ నా వీపు మీద నిద్రపోతున్న చిన్నదాన్నే చూసింది. తన కొడుకూ అక్కడ చైనాలో మా ఊళ్ళోనే ఉన్నాడు.

ఇటలీలోని ఈ ప్రాతోకి కుట్టుపనికొచ్చిన మా వెన్‌జౌ వాళ్ళ పద్ధతే అంత. బిడ్డకి మెడ నిలిస్తే చాలు, ఊరికెళ్ళే ఎవరో ఒకరి చేతికిచ్చి నానమ్మ దగ్గరికి పంపేస్తాం. బడి వయసొచ్చాక పార్సెల్‌లా తెప్పించుకుంటాం. పెద్దది యాటింగ్‌ని అలాగే పంపాను. పాలు గడ్డకట్టి సలుపుతుంటే రొమ్ములకి గుడ్డ బిగించి జాకెట్లకి కాలర్లు కుట్టాను. "హమ్మయ్య, చేతులు ఖాళీ అయ్యాయి, ఇక పని సాగుతుంది" అన్నాడు మా ఆయన గ్వోలియాంగ్. ఖాళీ అయింది చేతులేననుకున్నాడు. ఆరేళ్ళకి తిరిగొచ్చిన యాటింగ్, విమానాశ్రయంలో నా ముందు తల వంచి, "బాగున్నారా ఆంటీ" అంది. ఎంత మర్యాదగా పెంచారో అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ నవ్వాను. మొన్న దానికి జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చున్నాను. కళ్ళు తెరవకుండానే "నానమ్మా" అని ఏడుస్తూ నా చెయ్యి తోసేసింది.

ఈ ఆదివారం ఊరికెళ్ళే లిన్ దంపతులతో చిన్నదాన్ని పంపుతానని గ్వోలియాంగ్ మాట ఇచ్చేశాడు. నన్నడగలేదు. బట్టలు సర్దమన్నాడు, నేను సర్దలేదు. ఇవాళ యాటింగ్ బడికెళ్ళాక, షెడ్డులో అందరం అన్నాలకి కూర్చున్నప్పుడు, ఫోనులో వాళ్ళమ్మని పిలిచి నా ముందు పెట్టాడు.

"ఏమ్మా, నా పెంపకం నచ్చలేదా? పెద్దదానికి ఏం తక్కువ చేశాను?" అంది అత్తయ్య.

"నువ్వు ఊరుకో అమ్మా," అని నావైపు తిరిగాడు. "పాలు తాగే పిల్లకేం తెలుస్తుందే, ఎవరెత్తుకుంటే ఏం?" అన్నాడీయన.

మేయ్‌లీ గిన్నెలోకి తల దించేసుకుంది. నేను చిన్నదాన్ని వీపుకి కట్టుకున్న గుడ్డ ముడిని గుండెల మీద ఇంకాస్త బిగించాను.

"మీరు బాగానే పెంచారత్తయ్యా. అందుకే మొన్న జ్వరంలో అది పక్కనున్న నన్ను తోసేసి మిమ్మల్ని పిలిచింది. దీన్ని పంపను. ఇది నన్ను పిలవాలి."