గేటు ముందు పాట

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆఫ్రికా మనిషిని పెళ్లాడి ఇల్లు అద్దెకు అడిగి చూడు అనడం మాత్రం మరిచిపోయారు. ఆ ముచ్చట స్వర్ణలత తీర్చుకుంది. టాంజానియా నుంచి చదువుకోవడానికి వచ్చిన జోసెఫ్‌ను చేసుకున్నప్పటి నుంచి, నేరేడ్‌మెట్‌లో సొంతంగా రెండు గదులు కొనుక్కునేదాకా, ఎన్ని గేట్ల ముందు నిలబడిందో ఆమెకే తెలుసు. ఆ తర్వాత తనలాంటి సంసారాల కోసం నిలబడడం మొదలుపెట్టింది. ఎవరికి ఇల్లు దొరక్కపోయినా, ఎవరి పిల్లను బడిలో వెక్కిరించినా ఫోను ఆమెకే వస్తుంది.

ఇంటివాళ్లను కరిగించడానికి ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది. కూతురు నీమాను ముందుకు తోసి బతుకమ్మ పాట పాడించడం. ఉంగరాల జుట్టు, తండ్రి రంగు, నోరు తెరిస్తే అచ్చమైన మన యాస! "అరే, మన పోరిలెక్కనే ఉన్నది గదా!" అని ఇంటివాళ్లు నోరెళ్లబెట్టేవారు. తాళంచెవి చేతిలో పెట్టేవారు. ఇప్పుడు నీమాకు పద్నాలుగేళ్లు. ఉపాయం మాత్రం అదే.

ఆ సాయంత్రం బడి వదలగానే స్కూటరు తిరుమలగిరి వైపు మళ్లింది.

"మళ్లా పాడాల్నా?" వెనక నుంచి నీమా అడిగింది.

"ఒక్కపారి బిడ్డా. కల్పలత ఆంటీ రేపే ఇల్లు ఖాళీ చెయ్యాలె. పరేషాన్‌ల ఉన్నది."

పొద్దంతా ఆఫీసులో కూర్చుని స్వర్ణలత నడుము పట్టేసింది. కూతురు అలా ఎందుకడిగిందో ఆలోచించే ఓపిక లేకపోయింది.

కల్పలత నాలుగేళ్ల కూతురు హిమజను చంకనేసుకుని గేటు బయటే ఉంది. ఫోనులో సరేనన్న ఇంటావిడ శ్యామలమ్మ, నిన్న హిమజ తండ్రిని చూశాక మాట మార్చింది. ఆయనది ఘనా. అందుకే ఇవాళ ఆయనను ఇంట్లోనే ఉంచి కల్పలత ఒక్కతే వచ్చింది. మొగుణ్ణి మళ్లీ కళ్లబడనీయకుండా ఇల్లడగమన్న సలహా కూడా స్వర్ణలతదే.

"నాకేం లేదమ్మా," అంది శ్యామలమ్మ గేటు తీయకుండానే. "మంచోళ్లే కావచ్చు. గాని పక్కలోళ్లు ఏమంటరో, జెర భయమైతది."

స్వర్ణలత అలవాటు నవ్వు నవ్వి కూతురి భుజం మీద చెయ్యేసింది. "మా పిల్లను సూడున్రి. ఈడనే పుట్టింది, ఈడనే పెరిగింది. నీమా, అమ్మమ్మకు బతుకమ్మ పాట పాడు బిడ్డా."

నీమా తల అడ్డంగా ఊపింది. కల్పలతకు ఆగే ధైర్యం లేకపోయింది. హిమజను కిందికి దించి గేటు ఊచల దగ్గరకు నెట్టింది. "నువ్వు పాడు కన్నా. స్వర్ణలత ఆంటీ చెప్తే నేర్పిన గదా!"

పసిది చేతులు జోడించి, శ్యామలమ్మ మొహంలోకి బెదురుగా చూస్తూ గొంతెత్తింది. రెండో మాటకే నీమా హిమజను చంకకెత్తుకుంది.

"పాడకు," అంది. తర్వాత శ్యామలమ్మ వైపు తిరిగింది. "మేం ఇల్లు కిరాయికి అడగనీకె వచ్చినం అమ్మమ్మా, పాటల పోటీకి కాదు. ఇస్తే ఇయ్యున్రి, లేకుంటే లేదు."

"గింత పొగరున్నోళ్లకు ఎవ్వరిస్తరు?" అంటూ శ్యామలమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

కల్పలత ఏడ్చేసింది. "ఒక్క పాట పాడితే ఏం బోతుండె అక్కా?"

పొద్దున అయితే స్వర్ణలత కూడా ఆ మాటే అనేది. నీమాను చూసింది. పిల్ల కళ్లల్లో కోపం లేదు, అలసట ఉంది. రోజూ అద్దంలో తనకు కనబడే అలసటే. నేనే అంటించానా అనుకుంది.

"ఇల్లు దొరికేదాక మా ఇంట్ల ఉండున్రి," అంది చివరికి. "ఆయన్ను సుత రమ్మను." రెండు గదుల్లో ఎవరెక్కడ పడుకుంటారో ఆమెకే తెలియదు.

స్కూటరు వెనకే కల్పలత ఆటో నేరేడ్‌మెట్ చేరింది. జోసెఫ్ తలుపు తీశాడు. కొత్త గడప కనబడగానే హిమజ తల్లి చెయ్యి విడిపించుకుని ముందుకొచ్చింది. చేతులు జోడించి, ఎవరూ అడగకుండానే పాట అందుకుంది.

చెప్పులు విప్పుతున్న స్వర్ణలత మెట్టు మీదే కూలబడింది. నీమా వంగి పసిదాని చేతులు విడదీసింది.

"వద్దే. లోపటికి రా. ఈడ పాడకున్నా రానిస్తరు."