హెన్నింగ్ కాఫీ పెత్తనం

మా గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో హెన్నింగ్, ఆల్ముట్ కాపురం ఉండేవారు. అతను జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్‌లో వంతెనల బాగోగులు చూసే ఇంజనీరు. ఆమె హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. వంతెనలు తన మాట వినవని కాబోలు, హెన్నింగ్ ఇంటి మీద పడ్డాడు. దీపాలు, కిటికీ తెరలు, హీటర్లు అన్నింటినీ ఫోనుకు కట్టేశాడు. చివరికి కాఫీ మెషీన్ వంతు వచ్చింది. ఆల్ముట్ మెట్ల మీద అడుగు పెట్టగానే అది గింజలు పొడి చేసి కాఫీ దించేది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె చేతి గడియారం నుంచి నిద్ర వివరాలు లాగి మెషీన్‌కు అందించాడు. నిద్ర చాలని రోజున అది రెండో కప్పు ఇవ్వదు.

ఒక ఉదయం, పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ అలిసిన ఆల్ముట్ ఎంత నొక్కినా అది ఉలకలేదు.

"హెన్నింగ్, దీనికి కాస్త చెప్పు."

"నీ మంచికే కదా అది ఇవ్వనంటోంది!"

"నేను అడిగింది కాఫీ. వైద్యం కాదు."

"నీ గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందో తెలుసా? ఇదిగో, నా ఫోన్లో చూడు."

ఆల్ముట్ చూడలేదు. గడియారం విప్పి అతని కప్పులో పడేసింది. వేసవి సెలవులకు ముందే హెన్నింగ్ మైన్ నది అవతల ఒంటిగది ఇంటికి మారిపోయాడు. బట్టలు, సైకిలు తీసుకుపోయాడు. ఇంటి పెత్తనం మాత్రం ఫోన్లోనే ఉండిపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో కేకు తింటుండగా ఆల్ముట్ ఫోను మోగింది. అవతల హెన్నింగ్.

"ఇప్పుడే రెండు కప్పులు దిగాయి. ఎవరొచ్చారు?"

"కాఫీలో పాలు పోసుకోని మనిషి," అని ఆల్ముట్ పెట్టేసింది.

ఆ మనిషిని నేనే. మరుక్షణం మెషీన్ దీపం ఎర్రబడింది. అక్కణ్ణుంచే ఆపేశాడన్నమాట! నాకు ఒళ్ళు మండింది.

"ప్లగ్గు పీకి అవతల పారెయ్!"

"వద్దు ఎర్నా, ఉండనీ. దానికి ఏం కావాలన్నా ఆయన్నే అడుగుతుంది."

ఆల్ముట్ నేలమాళిగలోంచి పాత పింగాణీ గరాటు తెచ్చి, వడపోత కాగితం వేసి, చేత్తో నీళ్ళు పోసి కాఫీ దించింది. మెషీన్ను తాకనైనా తాకలేదు. ఇక హెన్నింగ్ ఫోను మొదలుపెట్టింది: కాఫీ పిప్పి తట్ట నిండింది. నీళ్ళు లేవు. సున్నం పట్టింది. ఆల్ముట్ పట్టించుకోవడం లేదని, అడిగిన పని జరిగేదాకా మోగుతూనే ఉండేలా ఏర్పాటు చేసింది అతనే. వంతెన కింద మోగింది, పై అధికారి ముందు మోగింది, పళ్ళ డాక్టరు కుర్చీలోనూ మోగింది. మెషీన్ పెత్తనం ఆల్ముట్‌కు అప్పగించి వదిలించుకుందామంటే, ఆమె తన ఫోన్లో సరే అని నొక్కి దాన్ని అందుకోవాలి.

"ఒక్కసారి సరే అని నొక్కు, చాలు!" అని బతిమాలాడు.

"ఈ ఫోన్ల సంగతులు నాకేం తెలుస్తాయి, చెప్పు?" అంది లెక్కల టీచరు.

శనివారం సున్నం మందు సీసా పట్టుకుని అతనే వచ్చాడు. బూజు పట్టిన పిప్పి ఎత్తిపోసి, మోకాళ్ళ మీద కూచుని గొట్టాలు కడిగాడు. మేం బల్ల దగ్గర ప్లమ్ పళ్ళ కేకు తింటున్నాం. నేను పాలు లేని కాఫీ చప్పరించడం అప్పుడే చూశాడు.

"మీరా?"

"నేనే," అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ ముఖం చూస్తే కాస్త జాలేసింది.

మెషీన్ దీపం పచ్చబడింది. హెన్నింగ్ ఆశగా ఒక కప్పు దించి ఆల్ముట్ ముందు పెట్టాడు. ఆమె దాన్ని పక్కకు జరిపింది.

"ఈ మెషీన్ నీదే. తీసుకుపో."

"ఇన్నేళ్ళు వాడావు. నీకేమీ అనిపించడం లేదా?"

"అనిపిస్తోంది. రొట్టె కోసుకోవడానికి చోటు దొరికిందని."

ఆమె తలుపు తెరిచి పట్టుకుంది. హెన్నింగ్ మెషీన్ను పసిబిడ్డలా ఎత్తుకుని మెట్లు దిగాడు. కారులో పక్కసీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, అది సరిగ్గా పడిందో లేదో లాగి మరీ చూసుకున్నాడు.